కొయినా బిళ్ళలు, గెట్టిమేళం

మీ ఇంట్లో ఒకరికి మీ చేత్తో మందు మింగించిన రోజున, ఎన్ని బిళ్ళలు, ఎన్నాళ్ళు, ఏం కనబడితే ఆపాలి అని మీరు అడిగారా? మూడే ప్రశ్నలు. తాయెత్తు కట్టే మంత్రగాణ్ణి వీధిలో నిలబెట్టి ముప్పై ప్రశ్నలు అడిగినవాణ్ణి నేను. ఈ మూడూ మాత్రం అడగలేదు. అందువల్ల మా నాయనకు ఏం జరిగిందో, అది తేలిపోయిన రోజు ఎట్లా గడిచిందో చెప్పడానికి ఇది రాస్తున్నాను.

యుద్ధం నడుస్తున్న రోజులు. మాది చిత్తూరు. నాయన దర్జీ, బజారువీధిలో ఒక అరుగు, అరుగు మీద ఒక కుట్టు మిషను, అదే ఆయన కొట్టు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో నాయన, నేను, భర్త పోయి మా ఇల్లు చేరిన మేనత్త. నేను బడిపంతుల్ని. వారానికోసారి పఠనాలయంలో జరిగే వాదసభలో నా నోటికి ఎదురు లేదని నలుగురూ అనేవాళ్ళు. నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి.

నాయన కుట్టేది చేతులతోనైనా బతికేది చెవులతో. సూది మొద్దుబారినా, మిషనుకు నూనె తక్కువైనా చప్పుడు విని చెప్పేవాడు. నోరు విప్పి ఒక్క పాట పాడలేడు. కాని వీధి చివర నాదస్వరం మొదలైతే, తల ఎత్తకుండానే రాగం పేరు చెప్పేవాడు. ముహూర్తాలున్న నెలల్లో ఒక రోజు కొట్టు మూసి, నన్ను వెంటబెట్టుకుని తిరుపతికి రైలెక్కేవాడు. వీధిలోవాళ్ళు కొండకు పోతున్నామనుకునేవాళ్ళు. మేము కొండ ఎక్కిన జ్ఞాపకం నాకు ఒక్కటి కూడా లేదు. స్టేషను దగ్గర హోటల్లో పొంగలి, వడ, కాఫీ. ఆపైన ఏ సత్రంలో పెళ్ళి ఉంటే ఆ వీధిలో నిలబడి మేళం వినడం. పెద్ద పెళ్ళిళ్ళకు అరవదేశం నుంచి విద్వాంసులు వచ్చేవాళ్ళు. వీధిలో నిలబడి వినేవాణ్ణి పొమ్మనేవాళ్ళు ఎవరూ లేరు.

"కొండ కిందికి పోయి ఆయప్పను సూడకుండా వస్తే తప్పు గదన్నా" అని మేనత్త అంటే, "ఆయప్ప కాడికి దినామూ వేలమంది పోతారు. నేనొకడు తక్కువైతే కనుక్కోడులే" అనేవాడు.

నాకు ఈ హేతువాదం ఎవరి దగ్గర అబ్బిందని సభలో అడిగినప్పుడు గొప్పవాళ్ళ పేర్లు చెప్పేవాణ్ణి. నిజానికి అది ఆ హోటలు బల్ల దగ్గర, నాయన పక్కన కూర్చుని వడ తింటున్నప్పుడు అబ్బింది.

ఆ ఏడు వానలు వెనకబట్టాక నాయనకు చలిజ్వరం పట్టుకుంది. రోజు విడిచి రోజు, మధ్యాహ్నం అదే వేళకు వణుకు. మేనత్త ఐరాల పక్క పల్లె నుంచి మంత్రగాణ్ణి పిలిపించి తాయెత్తు కట్టించింది. నేను దాన్ని, నాయన కత్తెరతోనే, వీధిలోవాళ్ళంతా చూస్తుండగా కత్తిరించాను. లోపల ఏముందో విప్పి చూపించాను. ఒక రాగిరేకు, చిటికెడు విబూది. ఇది జ్వరాన్ని ఎట్లా కనుక్కుంటుంది, ఏ దారిన ఒంట్లోకి పోతుంది, ఎన్నాళ్ళకు పనిచేస్తుంది అని ఆ మంత్రగాణ్ణి అడిగాను. వాడు సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే వాదసభలో ప్రకటించాను: రెండు వారాల్లో మా నాయనను జ్వరం లేకుండా ఈ వేదిక మీద నిలబెడతాను, మందు గెలిచిందో తాయెత్తు గెలిచిందో అప్పుడు మీరే చెప్పండి అని.

ఆసుపత్రిలో కొయినా బిళ్ళలు ఇచ్చారు. క్వినైనును మావైపు అట్లా అంటారు. పూటకొకటి, ఐదు రోజులు. యుద్ధం మూలంగా అది దొరకడమే గగనం. నాలుగోరోజుకు వణుకు పోయింది. అక్కడ ఆగి ఉంటే ఇది రాయవలసిన పని నాకు ఉండేది కాదు. కాని సభకు ఇంకా తొమ్మిది రోజులుంది. ఈలోగా జ్వరం తిరగబెడితే? వాదసభ మిత్రుడొకడు, పటాళంలో పనిచేసే తన అన్న దగ్గర నుంచి ఒక కొయినా సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ బిళ్ళలు పెద్దవి. ఎవర్నీ అడగలేదు. పూటకు రెండు వేశాను.

మూడోరోజు నాయన అరచెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని, "చెవుల్లో తుమ్మెదలు తిరగతా ఉండాయిరా" అన్నాడు.

"మందు పనిచేస్తా ఉండాది నాయనా" అన్నాను.

ఆ మాట నా నోట్లోకి ఎక్కడి నుంచి వచ్చింది? ఏ పుస్తకంలో చదివాను? ఏ డాక్టరు చెప్పాడు? రోగికి బాధ ఎక్కువైతే, అదిగో దయ్యం దిగుతోంది అని మంత్రగాడు చెప్పేది ఇదే మాట. ఆసుపత్రి మా ఇంటి నుంచి పది నిమిషాల నడక. పోయి అడగవచ్చు. అడిగితే, మందు వల్ల కూడా చెరుపు జరగవచ్చునని వీధిలో, మేనత్త ముందర, ఒప్పుకోవలసి వస్తుంది. సభ అయిన తర్వాత అడుగుదాంలే అనుకున్నాను.

సభలో నాయన వేదిక మీద నిలబడ్డాడు. ఒళ్ళు తేరుకుంది, ముఖంలో కళ వచ్చింది. హాలంతా చప్పట్లు కొట్టారు. నాయన నవ్వుతూ నా వైపు ఒంగి, చివరి బల్ల మీది వాళ్ళకు కూడా వినబడేటంత గట్టిగా, "ఏమంటాండార్రా?" అన్నాడు. అందరూ నవ్వారు. ముసలాయన చమత్కరించాడనుకున్నారు. నేను మాత్రం ఆయన చెయ్యి పట్టుకుని వేదిక దించేశాను.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరు సీసా చూసి నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "చెవుల్లో మోత మొదలైన రోజే ఆపవలసింది. కొందరికి తిరిగి వస్తుంది. మూడు నెలలు చూడండి. అప్పటికీ రాకపోతే ఇక రాదు" అన్నాడు.

ఆ మూడు నెలలు నేను మనిషిగా లేను. నాయన వెనక నిలబడి పిలిచేవాణ్ణి. ఇత్తడి చెంబు నేల మీద పడేసేవాణ్ణి. తలుపు దబాలున వేసేవాణ్ణి. ఒక్కోసారి ఆయన తల తిప్పేవాడు. తర్వాత చూస్తే గోడ మీద నా నీడ పడి ఉండేది. అన్నం ముందు కూర్చునేవాణ్ణి, ముద్ద దిగేది కాదు. వాదసభకు పోవడం మానేశాను. మేనత్త మాత్రం ఊరుకోలేదు. "జరమూ పాయె, సెవులూ పాయె. ఇంగ కండ్లు మిగిలుండాయి, వాటికి యాడన్నా సీసా దొరకతాదేమో సూడు అల్లుడా" అనేది.

మాఘమాసం ముహూర్తాలు వచ్చేసరికి మూడు నెలలు నిండాయి. ఒక సాయంత్రం నాయన మిషను మీద గుడ్డ కప్పుతూ, "రేపు మంచి ముహూర్తం ఉండాది. తిరపతికి పోదాం పద. నాకు కొంచిం కొంచిం ఇనపడతా ఉండాది" అన్నాడు.

ఎట్లా వినబడుతోంది, ఏ చెవిలో, ఎప్పటి నుంచి? నేను ఏదీ అడగలేదు. మళ్ళీ అడగలేదు. అడిగితే ఆ మాట చేజారిపోతుందేమోనని భయం.

తెల్లవారుజామునే రైలెక్కాం. పాకాలలో బండి మారాలి. పెట్టెలో సగం సిపాయిలే. కిటికీ పక్క చోటు దొరికింది. పట్టాల అతుకుల మీద చక్రాలు చేసే చప్పుడుకు నాయన ఎప్పుడూ కిటికీ చట్రం మీద బొటనవేలితో తాళం వేసేవాడు. పాకాల దాకా ఆదితాళం, పాకాల దాటాక రూపకం అని నవ్వించేవాడు. ఆరోజూ వేశాడు. చక్రాలు ఎట్లా నడిస్తే అట్లా, తప్పు లేకుండా వేశాడు. వింటున్నాడు, నిజంగానే వింటున్నాడు అనుకుని నేను అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. ఆ తర్వాత, ఊరికే ఉండలేని పాడు బుద్ధి నాది, నా అరచెయ్యి చట్రం మీద ఆనించాను. ప్రతి అతుకుకూ చట్రం వేలికొసల దాకా అదురుతోంది. చెవులు లేనివాడైనా ఆ తాళం వేయగలడు. ఇది సాక్ష్యం కాదు. చెయ్యి తీసేశాను. తీసేసి, దాన్ని సాక్ష్యంగానే లెక్కవేసుకున్నాను.

హోటలు మారలేదు. లోపలి గది బ్రాహ్మణులకు మాత్రమే అనే పలక అట్లాగే వేలాడుతోంది. ఆ పలక మీద నేను ఆ హోటల్లోనే రెండుసార్లు జగడమాడాను. ఆరోజు దాని కిందుగా నడిచిపోయి మా మామూలు బల్ల దగ్గర కూర్చున్నాను. అదొకటి ఉన్నట్టే నాకు తోచలేదు.

సర్వరు నడివయసు మనిషి, నాయనకు పాత స్నేహితుడు. మమ్మల్ని చూస్తూనే, "వచ్చినాడప్పా వడల జడ్జీ. ఇన్నాళ్ళు యాడికి పోతివన్నా? నువ్వు రాకపోతే మా ఓనరు నిన్నటివి, మొన్నటివి అన్నీ చెల్లించేస్తా ఉండాడు" అన్నాడు.

ఈ జడ్జీ సంగతి చెప్పాలి. నాయన వడను ఊరికే తినడు. చెవి దగ్గర పెట్టుకుని విరుస్తాడు. కరకర వినబడితే ఆ పూటది, వినబడకపోతే పొద్దున ఎప్పుడో వేసింది. మెత్తగా విరిగితే ఏమీ అనకుండా పళ్ళెం జరిపేవాడు. సర్వరు నవ్వుతూ తీసుకుపోయి వేడిది తెచ్చేవాడు. ఏళ్ళ తరబడి వాళ్ళిద్దరికీ అదొక ఆట.

నాయన అతని నోటి వంకే చూస్తూ నవ్వాడు. "పొంగలి, వడ, కాఫీ" అన్నాడు.

"పొంగలి ల్యాదన్నా. బియ్యానికి కోటా పెట్టినారు. గోదుమరవ్వ ఉప్మా ఉండాది, తెచ్చేదా?"

"తే. నెయ్యి కొంచిం ఎక్కువెయ్యి."

విన్నాడు. అడిగినదానికి సరైన జవాబు చెప్పాడు. ఉప్మా వచ్చింది. నాయన దాన్ని ఒక్క క్షణం చూశాడు. పొంగలి కోసం సాగిన చెయ్యి కాస్త ఆగి, ఉప్మాలోకి దిగింది. తినడం మొదలుపెట్టాడు. నేను ఆ ఆగిన చేతిని చూడలేదని నాకు నేను చెప్పుకున్నాను.

తర్వాత వడ. నాయన తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. సర్వరు నడుం మీద చేతులు పెట్టుకుని, తీర్పు వినడానికి సిద్ధంగా, కొంటెగా నిలబడ్డాడు. నాయన విరిచాడు. చప్పుడు లేదు. తడిసిన అట్ట చినిగినట్టు మెత్తగా విడిపోయింది. నిన్నటిది. సర్వరు కావాలనే, ఆట కోసమే తెచ్చాడు.

నాయన రెండు ముక్కలూ పళ్ళెంలో పెట్టాడు. తల ఊపాడు. "బాగుండాది. కరకరమంటా ఉండాది" అన్నాడు.

సర్వరు ముఖంలో నవ్వు నెమ్మదిగా చెరిగిపోయింది. నా వంక చూశాడు. నేను తల దించుకున్నాను. అతను ఆ పళ్ళెం తీసుకుపోయి, అప్పుడే నూనెలోంచి తీసిన రెండు వడలు తెచ్చి పెట్టాడు. నాయన కాలుతున్న వడను వేళ్ళతో పట్టుకుని, ఎందుకు మార్చాడో అర్థమై, ఎవరి వంకా చూడకుండా తిన్నాడు. బెల్లం కాఫీ వచ్చింది. చక్కెర దొరకని రోజులు. అది ఎట్లా ఉందో నాకు తెలియదు.

అప్పటికైనా నేను ఒప్పుకోవలసింది. ఒప్పుకోలేదు. వడ చప్పుడు సన్నది కదా. సన్న చప్పుళ్ళు చివర వస్తాయేమో, ముందు పెద్ద చప్పుళ్ళు వినబడతాయేమో. అట్లా అని డాక్టరు చెప్పలేదు. పుస్తకంలో లేదు. నేనే కల్పించాను. సత్రం వైపు నడుస్తూ మనసులో ఒకటే అనుకున్నాను: గెట్టిమేళం వినబడితే చాలు.

గెట్టిమేళం తెలియనివాళ్ళు ఉండరు. తాళి కట్టేవేళ పురోహితుడు వేలెత్తి సైగ చేస్తాడు. మేళగాళ్ళు అప్పటిదాకా వాయిస్తున్న పాటను ఉన్నచోట వదిలేసి, డోళ్ళూ నాదస్వరాలూ అన్నీ ఒక్కసారిగా, ఎంత బలముంటే అంత బలంతో మోగిస్తారు. ఎందుకంటే, ఆ నిమిషంలో ఎవరైనా తుమ్మితే, ఎవరి నోటనైనా చెడ్డమాట వస్తే, అది వధూవరుల చెవిన పడకూడదట. ఒక తుమ్ముకు బెదిరి ఇంత రభసా అని నేను వాదసభలో గంటసేపు ఎగతాళి చేశాను ఒకసారి. ఆరోజు మాత్రం, కొండకు మొక్కుకునేవాళ్ళు ఎట్లా కాచుకుంటారో అట్లా, ఆ మోత కోసం కాచుకుని నిలబడ్డాను.

సత్రం బయట వీధిలో వందమంది దాకా ఉన్నారు. పందిట్లో జనం అడ్డంగా ఉండడం వల్ల మేళగాళ్ళు మాకు కనబడలేదు. తోడి రాగం. విద్వాంసుడు దాన్ని నిదానంగా, ఒక్కొక్క స్వరం దగ్గరా నిలిచి, వదిలిపెట్టలేక వదిలిపెడుతూ వాయిస్తున్నాడు. నాయన గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. కుడిచేతి వేళ్ళు తొడ మీద తాళం వేస్తున్నాయి. తల మెల్లగా ఊగుతోంది. ఎన్నో ఏళ్ళుగా నేను చూసిన నాయనే.

పక్కన పలమనేరు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకడు, పాల వ్యాపారమట, నన్ను మోచేత్తో పొడిచాడు. "మీ నాయనా అప్పా? ఎట్లా తల ఊపతా ఉండాడో సూడు. మనమంతా ఊరికే నిలబడుకోనుండాం. ఇనేది ఆయనొకడే."

"అవునప్పా" అన్నాను. ఆ రెండు నిమిషాలు నేను నమ్మాను. అంత సంతోషం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

అప్పుడు గెట్టిమేళం మోగింది.

డోళ్ళ దెబ్బకు నా రొమ్ము అదిరింది. సత్రం గోడ మీది కాకులు ఒక్కుమ్మడిగా లేచాయి. చంకలో బిడ్డ కేరుమంటే ఒక తల్లి వాడి చెవులు మూసింది. పలమనేరాయన కూడా రెండు చెవులకూ చేతులు అడ్డం పెట్టుకున్నాడు. నేను నాయన వేళ్ళ వంక చూశాను. వాటిలో మార్పు లేదు. అదే నిదానం, అదే తాళం. కనురెప్ప అదరలేదు. మోత ఆగింది. వీధంతా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో కూడా వేళ్ళు తొడ మీద కొడుతూనే ఉన్నాయి, తల ఊగుతూనే ఉంది.

పలమనేరాయన ఆ వేళ్ళను చూశాడు. నన్ను చూశాడు. కండువా సర్దుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

నేను నాయన భుజం తాకాను. ఆయన కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, అందరూ వెనక్కి తిరిగేటంత గట్టిగా అన్నాడు: "ఏం వాయించినాడ్రా. కల్యాణి అంటే అదీ."

తోడికీ కల్యాణికీ ఉన్న తేడా నాకు నేర్పింది ఆయనే. సత్యం తప్ప మరొకటి పలకనని సభల్లో రొమ్ము చరుచుకున్నవాణ్ణి. ఆయనకు నా పెదవులు కనబడేటట్టు ఎదురుగా నిలబడి, "అవును నాయనా, కల్యాణే" అన్నాను.

సాయంత్రం బండికి తిరిగి వస్తున్నాం. చంద్రగిరి దాటింది. పెట్టెలో ఎక్కువమంది లేరు. నాయన కిటికీ నుంచి నా వైపు తిరిగాడు. గొంతు ఎంత తగ్గించాలో తెలియక, గుసగుస అనుకుంటూ మామూలుగానే మాట్లాడాడు.

"అబ్బోడా, గెట్టిమేళం కొట్టినారా?"

నేను తల ఎత్తి ఆయన వంక చూశాను.

"కండ్లు తెరిసేటప్పటికి పందిట్లో అందరి నెత్తినా అచ్చింతలు ఉండాయి. తాళి కట్టేసినట్టుంది అనుకుంటి. కొట్టే ఉంటారు."

తల ఊపాను.

"కల్యాణే అన్నెప్పుడు నీ మూతి వంకర పోయిందిరా. నీకు అబద్దం సెప్పేది రాదు. మీ సబలో వాళ్ళు నిన్ను ఎట్లా నమ్ముతా ఉండారో ఏమో" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "నేను సెప్పింది గూడా అబద్దమే. కొంచిం కొంచిం ఇనపడతాదని. ఏమీ ఇనపడదు. నువ్వు మూడు నెలలుగా కూడు తినకుండా అట్లయిపోతివి. ఈడికొస్తే నాలుగు మెతుకులు తింటావని పిలుచుకొస్తి" అన్నాడు.

నేను ఎదురు బల్ల మీంచి లేచి ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చున్నాను. పెదవులు బాగా కదిలించి, ఒక్కొక్క మాటా విడిగా అడిగాను. ఆ బిళ్ళలు వద్దని నాతో ఎందుకు అనలేదు, నా చేతిలోంచి లాక్కుని ఎందుకు పారెయ్యలేదు అని.

నాయన నా నోటి వంక శ్రద్ధగా చూసి, అర్థం చేసుకుని, కోపమనేది లేకుండా అన్నాడు.

"సెప్తిని గదరా. తుమ్మెదలు తిరగతా ఉండాయని సెప్తిని."

ఆయన చెవులు తిరిగి రాలేదు. తర్వాత కూడా చాలాకాలం కుట్టాడు. ఎడమ అరచెయ్యి మిషను మీద ఆనించి, దాని అదురును బట్టి సూది సంగతి కనుక్కునేవాడు. తిరుపతికి మాత్రం మళ్ళీ పోదామనలేదు. నేనూ అనలేదు.

తాయెత్తు తెంపినందుకే ఇట్లా అయిందని మా వీధి ఈనాటికీ అంటుంది. కాదు. ఆ రాగిరేకును నమ్ముకుని ఉంటే ఆ జ్వరం నాయనను ఉంచేది కాదు. మందు నాలుగు రోజుల్లో జ్వరాన్ని దించింది. ఆ తర్వాత జరిగినదంతా నేను చేసింది. తాయెత్తును విప్పి చూపించిన నేను, సీసాను ఒక్క ప్రశ్న అడగకుండా నమ్మాను. ఇంకా తలుచుకోలేని సంగతి ఒకటుంది. రోగి తన బాధ తన నోటితో చెబుతుంటే, నా వాదం గెలవాలని దాన్ని నేను వినలేదు. ఆ ఇంట్లో ముందు చెవుడు వచ్చింది నాకు.

చదివి నిట్టూర్చి దీన్ని పక్కన పెట్టకండి. లేవండి. మీ ఇంటి గూట్లో ఉన్న మందు సీసాను చేతిలోకి తీసుకోండి. తెలిసిన డాక్టరు దగ్గరికి ఈరోజే నడవండి. ఎన్ని, ఎన్నాళ్ళు, ఏం కనబడితే ఆపాలి అని అడగండి. జవాబు వచ్చేదాకా అక్కడి నుంచి కదలకండి. మీ ఇంట్లో మంచం మీద ఉన్న మనిషి తుమ్మెదలు అన్నా, చీమలు అన్నా, మీకు నవ్వు తెప్పించే మాట ఇంకేదన్నా, తర్వాతి బిళ్ళ వేయకముందే పోయి ఆ మాట డాక్టరుకు చెప్పండి.